గోడ బయటి తంగేడు

ఎండాకాలం మధ్యాహ్నం మెదక్‌లో ఆటో కోసం ఒక ఇంటి గోడ నీడన నిలబడ్డాను. గోడ బయట, రోడ్డు వైపు, దుమ్ముపట్టిన తంగేడు పొద ఒకటి ఉంది. మాది విజయవాడ. మొక్క వాడినట్టు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. సీసాలో మిగిలిన నీళ్లు దాని మొదట్లో పోయబోయాను.

“ఆగు బిడ్డా, పొయ్యకు!” అంటూ ఒక పెద్దావిడ గేటు తీసుకుని వచ్చింది. రిటైరైన టీచరట. మెడలో చిన్న సిలువ ఉంది. “నీళ్లకు మరిగితే ఆకే పెడ్తది, పువ్వు పుయ్యది. నాటిన ఏడు పోసిన, గంతే.”

“బతుకమ్మకా?” అన్నాను, సిలువ వంక చూస్తూ.

ఆమె నవ్వింది. “మేం చర్చికి పోయెటోళ్లం. ఎదురింటి లక్ష్మికి. తంగేడు లేకుంటే ఆమెకు బతుకమ్మ అయినట్టే ఉండది. ఇదివరకు ఊరి బయటికి నడిచిపోయి తెచ్చుకునేది. ఇప్పుడు మోకాళ్లు నొస్తున్నయ్.”

“అయితే లోపల నాటాల్సింది కదండీ! ఇక్కడ ఎవరైనా కోసుకుపోతారు.”

“లోపట పెడితే పండుగ పూట ఆమె నన్ను అడగాలె. బయటుంటే తెంపుకపోతది. దానంతటదే మొలిచిందనుకుంటది, అనుకోనీ.”

ఆటో వచ్చేలోగా నాలుగు ఎండుకాయలు తెంపి నా చేతిలో పెట్టింది.

వానలు మొదలయ్యాక ఆ గింజలు నాటాను. మా వీధిలో బతుకమ్మ పేర్చేవాళ్లు ఉన్నారో లేరో నాకు తెలీదు. అయినా గోడ బయటే నాటాను.