బూడిద లేవకుండా ఊదిన ఊపిరి

1998 ఫిబ్రవరి 18, బుధవారం. నిజామాబాద్, ఛాతీ డాక్టరు గారి దవాఖాన. హాజరైనవారు: నేను, నా భార్య, ఏర్గట్ల నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, డాక్టరు గారు.

ఆనాటి డైరీ పుట ఇలా మొదలవుతుంది. మరదలు కూతురి శుభలేఖతో వచ్చింది. ఆ పిల్ల హైస్కూలు చదువంతా బోధన్‌లో మా ఇంట్లోనే సాగింది. పెద్దమ్మ పక్కన లేకపోతే పీటల మీద కూర్చోనని ముందే చెప్పింది. చిక్కల్లా పెద్దమ్మ ఆస్తమాతోనే. చెరకు క్రషింగ్ సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మసి ఆరేసిన బట్టల మీద రాలినన్నాళ్లూ ఆమె ఛాతీలో పిల్లికూతలే. పెండ్లి జరిగే ఏర్గట్లలో అదే కాలంలో పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ములు ఇంటింటా తిరుగుతుంటాయి. మసికి తోడు ఆ దుమ్మొకటి. అందుకే డాక్టరు గారిని అడిగి పోదామనుకున్నాం.

ఆయన ఊపిరి కొలిచే యంత్రం గొట్టం నోట పెట్టించి, "ఊదమ్మా, ఇంకా, ఇంకా" అన్నారు. మూడుసార్లు ఊదింది. కాగితం చూసి ఆయన కళ్లజోడు తీశారు.

"ఉండాల్సిన దాంట్ల సగం లేదు. ఈ ఊపిరితోని పసుపు దుమ్ములకు పంపలేను. రేపు పొద్దున ఇంకోసారి చూద్దాం. అప్పుడు గూడ ఇంతే అయితే పెండ్లి సంగతి మరిచిపోండి."

బోధన్ బస్సులో మరదలు మూతి ముడుచుకుంది. "అక్కా, ఊదుడు గూడ రాదా పెద్దమ్మకు అని అడుగుతది నా బిడ్డ."

"పెండ్లయినప్పటి సంది పొయ్యి ఊదుతున్ననే. నాకు ఊదుడు రాదంటవా?"

వంటకు గ్యాసు ఉన్నా, స్నానాల నీళ్లకు పెరట్లో కట్టెల పొయ్యి ఉండేది. అది మానమని డాక్టరు గారు ఏడాదిగా చెబుతున్నారు, ఆమె మానలేదు. ఆ సాయంత్రం కూడా ఊదుగొట్టం తీసుకుంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. సన్నగా, నిదానంగా, దారం తీసినట్టు ఊపిరి వదులుతోంది. నిప్పు రాజుకుంటోంది, బూడిద మాత్రం లేవడం లేదు. యంత్రం ముందు ఊదింది కూడా సరిగ్గా ఇలాగే.

"దవాఖానల గిట్లనే ఊదినవా?"

"మరెట్ల ఊదుతరు? దబ్బున ఊదితే బూడిదంత మొఖం మీదికే వస్తది గద."

"గక్కడ బూడిదెక్కడున్నదే?"

మరదలు నవ్వలేక గోడ పట్టుకుంది. "డాక్టరు తెల్లకోటు ఖరాబైతదని ఆగినట్టున్నది బావా, మా అక్క."

మరునాడు ఉదయం డాక్టరు గారికి సంగతి చెప్పాను. "అయితే బూడిదంత నా మీదికి రావాలె అమ్మా. మొత్తం ఒక్కసారే" అన్నారాయన. ఆమె కొంగు నడుముకు దోపి ఊదింది. దగ్గు తెర తగ్గాక కాగితం చూశాం. నిన్నటి కంటే చాలా నయం. అయినా ఉండవలసినంత లేదు, ఆస్తమా ఆస్తమాయే. పెండ్లికి ఒప్పుకున్నారు గాని షరతులు పెట్టారు: పొద్దున, రాత్రి ఇన్‌హేలర్ పఫ్ మానొద్దు, డ్రమ్ముల వైపు పోవద్దు, కట్టెల పొయ్యి ముట్టొద్దు.

"మరి నీళ్లెవరు కాగబెడ్తరు?" అంది ఆమె.

డాక్టరు గారు, మరదలు ఇద్దరూ నా వైపు చూశారు.

ఇల్లు చేరగానే పొయ్యి ముందు కూర్చొని ఒక్క ఊపు ఊదాను. కళ్లు నులుముకుంటుంటే, పొగ రాని ముందుగదిలో పెండ్లికి పట్టుచీర సర్దుకుంటూ ఆమె కేకేసింది.

"మెల్లగ ఊదుండ్రి. అది మిషిను కాదు."