కడిగిన జల్లెడ

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది మదనపల్లెలోని ఒక కార్ల సర్వీస్ సెంటర్‌కు నన్ను సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. ఇంజన్ శబ్దాల ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వచ్చేవి. తర్వాత చెవులు సరిగా వినపడక, యాభై దాటగానే ఉద్యోగం మానుకున్నాను. పుంగనూరు మెకానిక్ మస్తాన్ ఒక టాక్సీ ఇంజన్‌ను పాడుచేశాడని ఆ పక్కల ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టింది నా దగ్గర.

టాక్సీ పుంగనూరు రెడ్డెప్పది. రోగులను కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని సంపు అంటారు. అది కారుతోందని వస్తే మేమే విప్పి, అంచుకు సీలెంట్ పేస్టు పూసి బిగించాం. చూసి సరేనన్నది నేను. కొన్ని నెలలకు మళ్లీ వచ్చాడు.

“పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్లు ఏసి ఆడించినట్టుండాది సార్. రోంతసేపే. మళ్లా నిలిచిపోతాది.”

ఇలాంటి ఇంజన్‌లో, వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే చక్రం ఒకటి, వాటిని నెట్టే క్యామ్‌షాఫ్ట్ కడ్డీ కొసన ఉంటుంది. దాన్ని తిప్పేది ఆయిల్ ఒత్తిడి. వాల్వులూ పిస్టన్లూ ఒకదానికొకటి తగలకుండా నడిపే టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టేదీ ఆ ఒత్తిడే. రాత్రంతా నిలిచిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున పైకి చేరడం ఆలస్యమైతే చక్రమూ చైనూ గరగరమంటాయి. ఇంజన్ వేడెక్కాక ఏమీ వినపడదు.

అందుకే బండిని రాత్రికి మా దగ్గర ఉంచమన్నాను. కానీ మా షెడ్డులో ఒక అలవాటుండేది. మేం రాకముందే వాచ్‌మన్ బండ్లన్నీ స్టార్ట్ చేసి వాటర్ వాష్ వరుసలో పెట్టేవాడు. నేను తాళం తిప్పేసరికి ఇంజన్ వెచ్చగా ఉంది. ఎందుకో నాకు తెలుసు. అయినా శబ్దం లేదని రాసేశాను.

“మీ ఇంటికాడ అరిచి ఈడ నోరు మూస్తాందంటే, నన్ను చూసి భయపడతాండాదేమో అప్పా” అన్నాను. పక్కవాళ్లు నవ్వారు.

“భయపడేది నేను సార్. దాంట్లో ఎక్కేది పేషెంట్లు” అన్నాడు రెడ్డెప్ప.

మళ్లీ వచ్చినప్పుడు ఇంజన్ లైటు వెలుగుతోంది. స్కానర్ వాల్వ్ టైమింగ్‌లో లోపమనే కోడ్ చూపించింది. ఆయిల్ ఎవరు మార్చారని అడిగితే మస్తాన్ మామ అన్నాడు. మరీ చిక్కటి ఆయిల్ పోస్తే ఆ కోడ్ రావచ్చు. ఏ రకం పోశాడని నేను అడగలేదు. బయటి మెకానిక్ ఆయిల్ వల్లే వచ్చిందని రాసి, ఆయిల్ మార్చి, కోడ్ చెరిపి పంపేశాను.

బైరెడ్డిపల్లె దాటాక కుప్పం దారిలో చైన్ పళ్లు తప్పింది. వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయాయి. డయాలసిస్‌కు పోతున్న ముసలాయనను దారిన పోయే జీపులో ఎక్కించి, రెడ్డెప్ప బండిని మా దగ్గరికి లాగించుకొచ్చాడు.

సంపు నేనే విప్పాను. ఆయిల్ పీల్చే గొట్టం మూతికుండే జల్లెడ నిండా బూడిదరంగు సీలెంట్ పోగులు. ఆయిల్ మార్చడానికి సంపు విప్పే పని లేదు, డ్రెయిన్ బోల్టు తీస్తే చాలు; మస్తాన్ చెయ్యి అక్కడిదాకా పోనే లేదు. మేం ఎక్కువగా పూసిన పేస్టే లోపలికి ఊడిపడి ఆయిల్‌కు అడ్డం పడింది. ఎవరికీ చెప్పలేదు. జల్లెడను పెట్రోల్‌లో ముంచి బ్రష్షుతో కడిగాను.

అంతకుముందు మస్తాన్ పోసిన ఆయిల్‌తోనే చైన్ దెబ్బతిందని రెడ్డెప్పకు చెప్పాను. మర్నాడు అతను మస్తాన్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

“మీ కంపెనీ చెప్పిన నెంబరే పోసినాను సార్. డబ్బా ఇంకా ఉండాది” అన్నాడు మస్తాన్.

“డబ్బా మీద రాసిందే లోపల ఉంటుందా?” అన్నాను.

మస్తాన్ జల్లెడను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. మెరుస్తోంది. “దీంట్లో ఏమీ లేదే” అని గొణుక్కున్నాడు.

“తెలీకుంటే తెలీదని చెప్పుంటే పోయేది గదా. ఎందుకిట్ల చేసినావు మామా?” అన్నాడు రెడ్డెప్ప. మస్తాన్ జల్లెడను బల్లమీద పెట్టి బయటికి నడిచాడు.

ఆ తర్వాత పుంగనూరులో అతని దగ్గరికి కొత్త బండి పోలేదు. ఇప్పుడు పంచర్లు వేస్తున్నాడు. ఈమధ్య వెళ్లి జరిగింది చెప్పాను. ట్యూబు రుద్దడం ఆపకుండా విన్నాడు.

“ఆ పొద్దు నుంచి బోల్టు పట్టుకున్నా నా చెయ్యి మీద నాకే అనుమానం సార్. నాకు చెప్పి ఏం లాభం? రెడ్డెప్పకు చెప్పండి.”

రెడ్డెప్ప ఇప్పుడు బెంగళూరులో ఎవరి బండో నడుపుతున్నాడు. ఫోన్‌లో చెప్పాను. అంతా విని పెట్టేశాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పగలిగింది ఇంతే. శబ్దం కోసం వచ్చిన బండికి పొద్దున మొదటి తాళం మీరే తిప్పండి. విప్పిన భాగాన్ని బండి యజమాని చూసేదాకా కడగకండి.