కాజాలక్క ప్రచారం

కాజాలక్కకు రాజకీయాలు పుస్తకాల్లోంచి రాలేదు, ఉపన్యాసాల్లోంచి అసలే రాలేదు. మరుగుదొడ్డి దగ్గర పుట్టాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెది కాజాల మిషను, పక్కనే గుండీల మిషను మీద సొంత చెల్లెలు. ఆ వరసలో నలభై మంది ఆడవాళ్ళకీ కలిపి ఒకటే చెక్క బిళ్ళ. అది చేతికిస్తేనే మరుగుదొడ్డికి వెళ్ళాలి. బిళ్ళ ఉండేది సూపర్‌వైజరు జేబులో. ఆ మహానుభావుడికి మనసైతే ఇస్తాడు, లేకపోతే లేదు. చెల్లెలికి అప్పుడు ఏడో నెల. ఒకరోజు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "ఈ లాటు చొక్కాలు పూర్తి కానీ" అన్నాడు. చివరికి పాపం ఆ పిల్ల స్టూలు మీదే తడిసిపోయింది. "నువ్వే తుడువు" అన్నాడు వాడు. ఆ కడుపుతో మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. సాయానికి కాజాలక్క లేవబోతే, "నీ మిషను ఆగిందంటే ఇద్దరూ ఇంటికే" అన్నాడు. ఆమె మళ్ళీ కూర్చుంది. ఆ కూర్చోవడం ఆమెను ఈనాటికీ లోపల్లోపల తినేస్తోంది.

ఆ సాయంత్రమే వాడిది ఏ పార్టీయో కనుక్కుని, దానికి ఎదురు పార్టీలో చేరింది. పనిగంటలూ హక్కులూ అని వాళ్ళు చెప్పిందల్లా వాడి మీద కక్షతోనే బట్టీ పట్టింది. పంతొమ్మిదేళ్ళు చెప్పులరిగేలా తిరిగింది, కొట్లాడి ఆ బిళ్ళను తీయించింది. కక్షతో పట్టిన మాటలు నోట్లో నాని నాని నమ్మకాలైపోయాయి.

ఈలోగా యజమానితో చెడిన సూపర్‌వైజరు వచ్చి ఈ పార్టీలోనే చేరాడు. వార్డు ఎన్నికల్లో టికెట్టూ కొట్టేశాడు.

"మీ వీధిలో ఆయన్ని నువ్వే తిప్పాలక్కా. నీ మాటంటే అందరికీ గురి" అన్నాడు పార్టీ కార్యదర్శి. "మనిషి మారాడు. సొంత పగలు పక్కన పెట్టు."

"నన్ను పార్టీలోకి తెచ్చిందే ఆ పగ. సరేలే, తిప్పుతాను" అంది.

తిప్పింది. మొదటి గుమ్మంలోనే నెమ్మదిగా మొదలుపెట్టింది. "వదినా, ఈయన మన అభ్యర్థి. ఈయన గురించి నాకు తెలిసింది చెబుతాను. తప్పుంటే ఈయనే దిద్దుతారు." అంతా చెప్పింది, తాను మళ్ళీ కూర్చున్న సంగతితో సహా. సూపర్‌వైజరు రెండు చేతులూ జోడించి, పళ్ళికిలించలేక, పారిపోలేక చెమటలు కక్కాడు.

"ఎప్పటి మాటలమ్మా అవి" అని గొణిగాడు బయటికొచ్చాక.

"తర్వాతి ఇంటికి పదండి బాబూ" అంది. అబ్బ, ఆ మాట అనడంలో ఎంత హాయి! పంతొమ్మిదేళ్ళ మంట ఇంటికింత చొప్పున చల్లారుతోంది. అలా ఇరవై రెండు గుమ్మాలు ఎక్కించింది.

ఇరవై మూడోది చెల్లెలి ఇల్లు. చెల్లెలు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. పక్కింటి మాటలన్నీ విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"చెప్పవే, ఇప్పుడు నువ్వే అడుగు వీణ్ణి" అంది కాజాలక్క.

చెల్లెలు వాడి వైపు చూడనే లేదు.

"మా ఆయనకి కూడా చెప్పుకోలేదక్కా నేను. ఇవాళ వీధంతా చెప్పావు. నన్నొక్కమాట అడిగావా?"

కాజాలక్క ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

"ఇద్దరూ వెళ్ళండి" అని చెల్లెలు తలుపు వేసుకుంది.