వెనక్కి రాని కారు

పంతొమ్మిదేళ్లుగా ఆమె కారు నడపడం నేర్పిస్తోంది. ఊళ్లో సగం మంది ఆమె పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్లే. అందరికీ ఆమె టీచరమ్మ. తన మీద ఇంతవరకూ ఒక్క ప్రమాదం కూడా రాసి లేదన్నది ఆమె చెప్పుకునే ఏకైక గొప్ప.

ఊళ్లోని పళ్ల డాక్టరుకూ ఆమే నేర్పింది. మూడుసార్లు పరీక్ష తప్పి, క్లచ్ అంటేనే హడలిపోయే మనిషిని బుజ్జగించి నాలుగోసారి గట్టెక్కించింది. అప్పటినుంచి అతనికి ఆమె అక్క.

ఒక సోమవారం పొద్దున ఆమె డ్రైవింగ్ స్కూలు కారులో ఎర్రలైటు దగ్గర ఆగి ఉండగా వెనకనుంచి దబ్బున ఏదో గుద్దింది. దిగి చూస్తే బంపరు చీలిపోయింది, కుడివైపు లైటు ముక్కలైంది. వెనక కారులోంచి డాక్టరు దిగాడు.

"ఫోను చూస్తూ వచ్చేశానక్కా, తప్పంతా నాదే," అన్నాడు ఆమె చేతులు పట్టుకుని. "ఇన్సూరెన్సు వాళ్లకి మాత్రం చెప్పకండి. ఈ ఏడాది ఇది మూడోసారి. ఇంట్లో తెలిస్తే తాళాలు లాగేసుకుంటారు. మీ బండి నేను బాగు చేయించి ఇస్తాగా."

ఆమెకు నవ్వొచ్చింది. ఫొటో తీద్దామని తీసిన ఫోను మళ్లీ సంచిలో పడేసింది. ఇద్దరం మాట్లాడుకుని సర్దుకున్నామని అతను రాసిన కాగితం మీద సంతకమూ పెట్టింది. వారం తిరక్కుండానే కారు తళతళలాడుతూ వచ్చింది.

నెల తర్వాత డ్రైవింగ్ స్కూలు యజమాని ఆమె ముందు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం పెట్టాడు. సిగ్నల్ దగ్గర ఆమే కారు వెనక్కి తెచ్చి డాక్టరు కారును గుద్దిందట. తప్పు ఒప్పుకుని రాజీకి వచ్చిందట. రుజువుగా ఆ కాగితం.

"నేర్పేవాళ్లే ఇలా చేస్తే మన దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అన్నాడు యజమాని. సంగతి తేలేదాకా ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చోమన్నాడు.

ఆమె తిన్నగా డాక్టరు ఆసుపత్రికి వెళ్లింది. కుర్చీలో ఒక ముసలాయన నోరు తెరుచుకుని ఉన్నాడు.

"నేను వెనక్కి వచ్చానా?" అని అడిగింది.

డాక్టరు మాస్కు తియ్యలేదు. "మెల్లగా అక్కా. నా కారు బాగుకు డబ్బు అడిగితే, ఇంకోసారి నా తప్పని రాస్తే పాలసీ ఎత్తేస్తామన్నారు. మీ మీద ఇంతవరకూ మచ్చే లేదుగా, ఒక్కటి పడితే మీకేం కాదనుకున్నా."

ముసలాయన కళ్లు ఆమె మీదే ఉన్నాయి. ఆమె బయటికొచ్చి మెట్లు దిగింది.

జరిగింది జరిగినట్టు కంపెనీకి రాసి పంపింది. పగిలిన బంపరు చూపించమన్నారు. దాన్ని మెకానిక్ ఎప్పుడో పారేశాడు. ఫొటో లేదు. తప్పు ఆమె పేరుమీదే ఉండిపోయింది. రెండు నెలలకు యజమాని మళ్లీ కారు తాళాలు ఇచ్చాడు.

ఆ వారమే ఒకామె కొత్తగా నేర్చుకోవడానికి చేరింది. సీట్లో సర్దుకుంటూ, "మా ఆయన పళ్ల డాక్టరండీ, మీ దగ్గరే నేర్చుకున్నారట. టీచరమ్మ అంత మంచి మనిషి ఇంకొకరు ఉండరు, ఏమడిగినా కాదనదు అంటుంటారు," అంది.

అంతా చెప్పేద్దామనుకుంది టీచరమ్మ. స్టీరింగ్ మీద డాక్టరు భార్య చేతులు అప్పటికే బిగుసుకుపోయి ఉన్నాయి.

"భయపడకండి. ముందు క్లచ్ తొక్కండి," అంది. ఆ గంటసేపూ పాఠం తప్ప వేరే మాట ఎత్తలేదు.