నచ్చలేదని చెప్పి కొన్న నాదం

కోవిడ్ తగ్గి కల్యాణమంటపాలు మళ్ళీ తలుపులు తీసిన ఏడాది, మాఘమాసంలో, మా ఆర్కెస్ట్రాకు బాగేపల్లిలో ఒక పెళ్ళి రిసెప్షను కుదిరింది. అప్పటికే నేను చింతామణి, చిక్కబళ్ళాపురం, గౌరిబిదనూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో, జాతరల్లో, గణేశుని పందిళ్ళలో బేసు గిటారు వాయిస్తూ జుట్టు నెరిసినవాడిని. ఆర్కెస్ట్రాలో కూడా ఒక వరస ఉంటుంది. ముందు గాయకులు, తర్వాత కీబోర్డు, ఆ తర్వాత లీడ్ గిటారు, రిథమ్ ప్యాడ్. అందరికంటే వెనక, డ్రమ్ముల పక్కన, ఫ్యాను గాలి అందని చోట బేసు. నాలుగు లావుపాటి తీగలు, అన్నీ కింది స్వరాలు. జనం దాన్ని ప్రత్యేకంగా వినరు. అది ఆగితే మాత్రం ఏదో జారి పడినట్టు తల తిప్పి చూస్తారు. ఈ మధ్య కీబోర్డు వాయించేవాడి ఎడమచెయ్యి ఆ పని కూడా చేసేస్తోంది. నేను రిటైరయ్యానని మర్యాదకు చెప్పుకుంటాను గానీ, నిజానికి నన్ను రిటైరు చేసింది ఆ ఎడమచెయ్యే.

మాది చింతామణిలో చింతపండు, బెల్లం, మిరపకాయల అంగడి. గల్లాపెట్టె పక్కన కూర్చుని నేను నేర్చుకున్న మొదటి పాఠం, సరుకు నచ్చితే ముందు ముక్కు చిట్లించాలని. కెంచార్లహళ్ళి నుంచి రైతు మంచి చింతపండు తెస్తే మా నాయన ఒక రెబ్బ నోట్లో వేసుకుని, మందు మింగినవాడిలా మొహం పెట్టి, పీచు ఎక్కువుండాదనేవాడు. రైతు అయితే తిరిగి మోసుకుపోతానని బస్తా మూతి కట్టబోయేవాడు, కానీ కట్టేవాడు కాదు. ఇద్దరికీ ఆట తెలుసు కాబట్టి ఎవరికీ నొప్పి ఉండేది కాదు. చివరికి ఇద్దరూ కలిసి కాఫీ తాగేవారు.

నేను బేసు గిటార్లు కూడా అట్లాగే కొన్నాను. మెడ వంకర, బొత్తాలు తుప్పు, రంగు ముసలిరంగు అంటూ ప్రతిదాన్నీ తిట్టి ధర దించాను. చిత్రమేమిటంటే, కొన్నాక చూస్తే నేను తిట్టినవన్నీ నిజమే అయ్యేవి. మా వృత్తిలో టోన్ అనే మాట ఒకటి ఉంది. ఒకే స్వరం చెక్కను బట్టి, తీగను బట్టి, తీగ కింద ఉండే అయస్కాంతాన్ని బట్టి, మీటే వేలిని బట్టి వేరువేరుగా పలుకుతుంది. ఆ పలుకే టోన్. ప్రతి బేసు వాద్యగాడి చెవిలోనూ ఒక టోన్ ఉంటుంది, చేతిలో ఉండదు. నా చెవిలో ఉన్నది మా అంగట్లోదే. హమాలీ నిండు బస్తాను చెక్క అటక మీద దించినప్పుడు వచ్చే చప్పుడు. పైన మెత్తగా, లోపల గుండ్రంగా ఉండి, ఎంత ఉండాలో అంతసేపే ఉండి ఆగిపోతుంది. దాన్ని వెతుకుతూ నేను కొన్న గిటార్లన్నీ డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టే పలికాయి.

బాగేపల్లి రోజున నా గిటారు మెడ విరిగింది. టెంపోలో స్పీకరు పెట్టె దాని మీద పడింది. చవగ్గా కొన్నందుకు చవగ్గానే విరిగింది. మంటపం మేనేజరు ఎవరికో ఫోను చేసి, ఊళ్ళో నారాయణప్ప అనే ఆయన దగ్గర ఒక బేసు ఉందని తెలుసుకుని, అడిగి తెప్పించాడు. నారాయణప్ప సర్కారు బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవు రోజుల్లో స్థానిక ఆర్కెస్ట్రాలో వాయించేవాడట. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయాక వాద్యాన్ని బీరువా మీద పెట్టేశాడు.

కార్యక్రమానికి ముందు సౌండ్ చెక్ జరుగుతుంది. ఒక్కొక్కరే వాయిస్తే మిక్సరు దగ్గర కూర్చున్నవాడు ఎవరి మోత ఎంత ఉండాలో సరిచేస్తాడు. నా వంతు చివరన. నేను ఆ బేసు మీద ఒక్క స్వరం మీటాను. అటక మీద బస్తా దిగింది.

మిక్సరువాడు ఎప్పుడూ నా వంతులో ఫోను చూసుకునేవాడు. ఆ రోజు తలెత్తి ఏ బొత్తామూ ముట్టకుండా బొటనవేలు చూపించాడు. నేను వంగి చూశాను. తీగలు చదును తీగలు. అంటే లోపలి తీగ చుట్టూ గుండ్రటి తీగకు బదులు చదునైన పట్టీ చుట్టినవి. మెరుపు తక్కువ, పాతబడేకొద్దీ మెత్తబడతాయి. ఇవి ఎన్ని ఏళ్ళవో, చెమట తాగి తాగి నల్లబడి ఉన్నాయి. చివర తీగల కింద ఒక స్పాంజి ముక్క దూర్చి ఉంది, మోత సాగకుండా. ఆ సాయంత్రం నేను వాయించవలసినదానిలో సగమే వాయించాను. ఒక స్వరం వేసి, అది పూర్తిగా కూర్చునేదాకా ఆగాలనిపించింది. మా గాయని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేను పాట మరిచిపోయాననుకుందట.

మర్నాడు పొద్దున వాద్యం తిరిగి ఇవ్వడానికి నారాయణప్ప ఇంటికి పోయాను. ఆయన భార్య మునిరత్నమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన నన్ను ఒకే ఒక మాట అడిగాడు.

"ఎట్లుండాదప్పా మన బేసు?"

ఎంత కావాలన్నా ఇచ్చి కొనాలని రాత్రే నిర్ణయించుకుని వచ్చినవాడిని. కానీ ఆ ప్రశ్న చెవిన పడగానే నాలోని అంగడి లేచి కూర్చుంది. ముక్కు దానంతట అదే చిట్లింది.

"ఏముండాదిలే అన్నా, తీగలు చచ్చిపోయినాయి. స్పాంజి వేరే కుక్కినారు, సప్పుడంతా మూసుకపోయుండాది. ఏదో నేర్చుకునే పిల్లోళ్ళకి ఇచ్చేకి పనికొస్తుంది. ఇస్తానంటే తీసుకపోతా."

ధర నేనే చెప్పాను, ఆయన సరేనన్నాడు. వచ్చే వారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. బయటికి వచ్చి నన్ను నేను మెచ్చుకున్నాను. ఇంత సులభంగా ముగిసిన బేరం మా వంశంలోనే లేదు. అది బేరమే కాదని నాకు అప్పుడు తట్టలేదు. బస్సు కండక్టరు జన్మలో బేరమాడడు. టికెట్టు ధర రాసి ఉంటుంది, ఎదుటివాడు చెప్పిన ఊరు నమ్మి చించి ఇవ్వడమే.

వారం తర్వాత పోతే ఆయన నిద్రలో ఉన్నాడు, మునిరత్నమ్మ వాద్యం పెట్టె చేతికిచ్చింది. పెట్టె అక్కడ తెరవలేదు. కుదిరిన సరుకును మళ్ళీ చూస్తే ఆశ బయటపడుతుందని అదొక పద్ధతి. చింతామణికి వచ్చి, తలుపు వేసుకుని తెరిచాను. నాలుగు కొత్త తీగలు వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి. గుండ్రటి చుట్టువి. స్పాంజి లేదు. చెక్కకు నూనె కూడా రాశారు. మీటితే డబ్బాలో గులకరాళ్ళు.

నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. టోన్ బొత్తాం పూర్తిగా మూశాను. కొత్త స్పాంజి పెట్టాను. బెంగళూరు పోయి చదును తీగలే కొని బిగించాను. దగ్గరిదాకా వచ్చింది, కానీ కొత్త తీగకు ఇంకా చెమట పట్టలేదు. అది ముదరడానికి ఏళ్ళు కావాలి, నాకు మిగిలిన కాలమంతా కీబోర్డువాడి దయ. మా ఆవిడ రెండు వారాలు చూసి, వక్క కత్తిరిస్తూ తీర్పు చెప్పింది.

"నువ్వు బాగలేదంటివి, ఆయన పాపం బాగుచేసి ఇచ్చినాడు. పోయి నిజం చెప్పేకి నీకేమి, నోరు అరుగుతుందా?"

పోయాను. వాద్యం కూడా వెంట తీసుకుపోయాను. మునిరత్నమ్మ గుమ్మంలోనే ఆపి, లోపలికి వినపడకుండా మాట్లాడింది. నేను వచ్చిపోయిన రోజే ఆయన ఎవరినో పట్టి కొత్త తీగలు తెప్పించి వేయించాడట. ఇచ్చే వస్తువు బాగుచేసి ఇవ్వాలని. అప్పటినుంచి సరిగా తినడం లేదట.

"ఇన్నేండ్లు నేను వాయించింది చచ్చిన సప్పుడేనా, మీరంతా మొగమాటానికి చెప్పకుండా ఉంటిరా అని అడుగుతాండాడప్పా. నాకేం తెలుసు. నాకైతే బాగనే ఇనిపిస్తాండె. తెలిసినోడు నువ్వే కదా, నువ్వే అట్లంటివి."

నేను నా నాదం పోయిందని వచ్చాను. ఆయన నాదం ఎట్లా పోయిందో అప్పుడు తెలిసింది. ఒక మనిషి తన జీవితంలో సెలవు దొరికిన రోజులన్నీ పెట్టి చేసుకున్న దాన్ని, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని నేను చెరిపేశాను. పక్షవాతం కూడా అంత పని చెయ్యలేదు.

లోపలికి పోయి మంచం పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పాను. తీగలు బాగున్నాయని, స్పాంజి బాగుందని, అంత మంచి టోన్ నా సర్వీసులో వినలేదని, మా శెట్ల అంగడి అలవాటు కొద్దీ ధర కోసం తిట్టానని. ఆయన మర్యాదగా విన్నాడు, నమ్మలేదు. ఇంటామె ఏదో చెప్పి పంపింది, సుమ్నే, ఊరికే ఓదార్చేకి అంటాండావు అన్నాడు. న్యాయమే. తిట్టినప్పుడు నమ్మినవాడు పొగిడినప్పుడు ఎందుకు నమ్మాలి? నా మాటకు నేనే విలువ తగ్గించుకున్నాను. ఆ సరుకును ఇక పెంచడం ఎట్లాగో మా నాయన నేర్పలేదు.

చివరికి పాత తీగలు ఎక్కడున్నాయని అడిగాను. పారెయ్యలేదట. మునిరత్నమ్మ పెరట్లో బీరపందిరికి కట్టిందట. మూడు తీగలు. నాలుగోదాన్ని విప్పలేక కటింగు ప్లేయరుతో కత్తిరించారు.

"ఆ మూడు తీగలు నాకు కావాలన్నా. ధర నువ్వే చెప్పు. నేను ఒక్క మాట తగ్గించమన్ను."

నారాయణప్ప నా మొహం పరిశీలనగా చూశాడు. దొంగ టికెట్టును వెలుతురుకు పట్టి చూసినట్టు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"రత్నా, శెట్టి బేరం లేకుండా కొంటాడంట. అదీ తుప్పు తీగలు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నమ్మకం కుదిరిందని నాకు అర్థమయింది. కానీ మునిరత్నమ్మ కండక్టరు కాదు. బీరతీగ అల్లుకొని పూత మీదుందని, కాయ కోసేవరకు తీగలు ముట్టేది లేదని చెప్పింది. నేను కొత్త తాడు తెస్తానన్నాను. తాడు తేవడమే కాదు, ఒక్క పిందె రాలకుండా తీగ విప్పి మళ్ళీ అల్లించాలని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా బీరాకుల మధ్య చేతులు దూర్చి, ఆమె అజమాయిషీలో, పిందెలకు క్షమాపణ చెప్పుకుంటూ తీగలు విప్పాను. పిందె రాలితే ఏమి శిక్షో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

తీగలు గుడ్డతో తుడిచి, వంపులు నిమిరి, బిగించాను. లావు తీగలు మూడూ నిలిచాయి. నాలుగో చోటికి కొత్తది. ఇంటి పాత దిండులోంచి చించిన స్పాంజి ముక్క ఒకటి దూర్చాను. చిన్న స్పీకరుకు తగిలించి, మీటకుండా ఆగి, వాద్యాన్ని మంచం మీద ఆయనకు నాకు మధ్య పడుకోబెట్టాను. ఆయనకు పడిపోయింది ఎడమచెయ్యి. స్వరస్థానాలు అదిమే చెయ్యి అది. మీటే కుడిచెయ్యి బాగానే ఉంది. నేను నా ఎడమచేత్తో స్వరాలు అదిమి పట్టాను. నువ్వు మీటన్నా అన్నాను.

ఆయన వేళ్ళు తీగ మీద ఆనించి, నల్లబడిన చుట్టును ఒకసారి నిమిరాడు. తర్వాత మీటాడు. మంటపంలో నేను మీటినప్పుడు వచ్చినదానికంటే ఇంకా నిండుగా వచ్చింది. నేను వేలు మార్చాను, ఆయన మీటాడు. మళ్ళీ మార్చాను. ఏ పాటా కాదు, ఊరికే ఆరోహణలో నాలుగు మెట్లెక్కి దిగాం. మునిరత్నమ్మ గుమ్మంలో బీరాకులు అంటిన చేతులతోనే నిలబడింది.

"ఇదేనప్పా నేను ఇంటాండింది" అంది.

నారాయణప్ప కళ్ళు మూసుకుని ఇంకోసారి అన్నట్టు వేలు ఆడించాడు. నేను స్వరం పట్టాను.

తర్వాత నేను పని మానేసేవరకు ఆ మూడు తీగల మీదే వాయించాను. నాలుగోది అవసరమయ్యే పాటలను కీబోర్డు ఎడమచేతికి దానం చేశాను. తీరికైనప్పుడు బాగేపల్లి పోయి, మంచం మీద ఇద్దరం కలిసి చెరో చేత్తో వాయించుకునేవాళ్ళం. ఇప్పటికీ పోతుంటాను. బీరకాయలు మాత్రం మునిరత్నమ్మ చెప్పిన ధరకే కొంటాను.

వాద్యం కొనబోయేవారికి ఈ వృత్తిలో నేను చెప్పగలిగింది ఒక్కటే. బేరమాడండి. చెక్కను తిట్టండి, బొత్తాలను తిట్టండి, పెట్టెను తిట్టండి. నాదం జోలికి మాత్రం పోకండి. అమ్మేవాడు మీ మాట నమ్మితే, అది మీ చేతికి వచ్చేలోపు ఆయన దగ్గర కూడా మిగలదు.