మరగబెట్టని వేపనీళ్లు

నిమ్మకాయ గోతాంలో కుళ్లదు. చెట్టు మీదే కుళ్లు పట్టి, గోతాంలో బయటపడుతుంది. ఈ మాట నేను డెబ్బైల్లోనే చెప్పాను. వేలిముద్ర వేసేదాన్ని కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే దారిలో మా నిమ్మతోట ఉండేది. అన్నదమ్ములు పంచుకోగా మధ్యలో చిన్న కాలవే హద్దు. ఇటు మావి, అటు మా మరిదివాళ్లవి. ఆత్మకూరు మండీ నుంచి మద్రాసు లారీ ఎక్కిన మా రెండు తోటల కాయలూ వరసగా రెండు కాపులు దారిలోనే బూజు పట్టాయి. మూడోసారి మండీ ఆయన గోతాలు విప్పకుండానే వెనక్కి పంపాడు. ఆ రోజు నా మొగుడు గొడ్డలి నూరుతూ కూర్చున్నాడు.

"చెట్లు కొట్టేసి చెనక్కాయలు వేస్తా" అన్నాడు.

"ఒక్క కాపు ఆగయ్యా. నా దగ్గర ఉపాయం ఉండాది."

"నీ ఉపాయం మద్రాసు దాకా పోతాదా?"

"నేను పోయేదేంది, కాయ పోతాది."

నిరుడే నాలుగు చెట్లకు చేసి చూసుకున్నాను, ఎవరికీ చెప్పకుండా. మా అవ్వ గింజల గాదెలో వేపాకు పరిచేది. గాదెలో కాపాడేది చెట్టు మీద ఎందుకు కాపాడదు అనిపించింది. వేపపప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండితే పాలలా దిగుతుంది. కాయకు అంటుకుని నిలవాలని కుంకుడు నురుగు కలిపాను. కోత మూడు వారాలుందనగా ఒకసారి, పది రోజులాగి ఇంకోసారి, ఎండ వాలాక కొట్టాలి. మాకు పంపు ఎక్కడిది? ఈతచీపురు ముంచి చల్లడమే. ఆ కాయలు బుట్టలో పెడితే, పక్క చెట్టు కాయలు బూజు పట్టి పారేశాక కూడా ఇవి గట్టిగా ఉన్నాయి.

ఈసారి తోటంతా చల్లాను. వారం రోజులు చేత్తో తిన్న అన్నం కూడా చేదే. తొడిమ ఊడకుండా కోయించాను. కాయ మద్రాసు చేరింది. మండీ ఆయన ఇంకా కావాలని కబురు పంపాడు. గొడ్డలి మళ్లీ చూరులోకి పోయింది.

ఆ సంగతి విని వ్యవసాయం ఆఫీసరు జీపులో వచ్చాడు. మంచం వేశాం. మజ్జిగ నేనే తెచ్చి ఇచ్చాను. గ్లాసు అందుకుని, నా వైపు చూడకుండా మా ఆయన్ను అడిగాడు.

"ఏం మందు కొట్టినావయ్యా?"

"వేపగింజల నీళ్లండీ."

"ఎట్లా చేసినావు?"

నా మొగుడు ఒక్క గింజ దంచి ఎరగడు. నేను పొయ్యి మీద కుంకుడుకాయలు ఉడకబెట్టడం మాత్రం చూశాడు. "బాగా మరగబెట్టాలండీ" అన్నాడు.

నేను వాకిట్లోనుంచే అరిచాను. "మరగబెట్టకూడదు సార్! చన్నీళ్లే!"

"ఉండమ్మా, ఆయన చెప్తా ఉన్నాడు గదా" అని ఆఫీసరు తల ఎత్తకుండా రాసుకున్నాడు. మా ఆయన నేల చూశాడు.

చేసినదాన్ని వదిలిపెట్టి, చూసీచూడనివాణ్ణి అడిగి రాసుకోవడం ఏం చదువు? ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు ఆ రాతే అచ్చయి, మా ఆయన పేరుతో కాగితంగా ఊరికొచ్చింది. తర్వాతి కాపుకు కాలవ అవతల పొగ లేచింది. గంగాళంలో వేపగింజలు తెర్లుతున్నాయి. పరుగెత్తాను.

"మరగబెట్టొద్దబ్బా, సత్తువంతా పోతాది!"

మా మరిది ఐదో తరగతి చదివినవాడు. కాగితం నా మొహం మీద ఆడించాడు. "అచ్చులో ఉండాది వదినా. అచ్చు కంటే నీకెక్కువ తెలుసా? ఇదిగో, చదువు చూద్దాం."

నేను చదవలేను. అది వాడికీ తెలుసు.

"అక్కకు మన తోట బాగుపడేది ఇష్టం లేదులే" అంది నా తోటికోడలు, గరిటె తిప్పుతూనే.

వాళ్ల కాయలు ఎప్పటిలాగే లారీలో కుళ్లాయి. మా మరిది వచ్చి మా చూరులో గొడ్డలి తీసుకుపోయాడు. రెండు రోజులు ఆ చప్పుడు విన్నాను. కాపు మీదున్న చెట్లు.

ఎనభైల్లో పెద్దవాళ్ల కోసం సాయంత్రం బడి పెట్టినప్పుడు అందరికంటే ముందు నేనే పలక పట్టాను. నలభై దాటినదానికి చదువేందని నవ్వారు. నవ్వుకోనీ. కూడబలుక్కుని చదవడం రాగానే ఆ కాగితం పెట్టెలోంచి తీశాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. "బాగా మరగబెట్టి" అని ఉంది.

మా ఆయన పక్కనే ఉన్నాడు. "జీపులో వచ్చినాయన ముందర తప్పు చెప్పినానని ఎట్లా ఒప్పుకునేది?" అన్నాడు.

"ఒప్పుకోకపోతే ఏమైందో కాలవ అవతల చూసిరా" అన్నాను.

ఆ మాట మీద గీత కొట్టి, పక్కన "చన్నీళ్లలో నానబెట్టి" అని రాశాను. బడి బయట నేను రాసిన మొదటి మాట అదే. అప్పటికి అవతల మోళ్లు కూడా పెకిలించి చెనక్కాయలు వేసేశారు.