ఏ వరసతో పిలిచినా

మార్కాపురంలో బస్సెక్కి ప్రతి గురువారం పెద్దారవీడు దగ్గర ఒక ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ ఇంటాయన గొర్రెలు కాసే మనిషి, నలభై ఏళ్ళు కూడా ఉండవు. బండి జారి తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట చెదిరిపోయింది. అలాంటివాళ్ళకు మళ్ళీ మాట నేర్పడం నా పని. అందులో నాకు తిరుగులేదని అప్పట్లో నా నమ్మకం.

ఆయనకు మాట వచ్చేది, వరసే తప్పేది. భార్యను "అత్తా" అనేవాడు. కన్నతల్లిని "మరదలా" అన్నాడు. మొదటిసారి ఆ ముసలమ్మ చెవులు మూసుకుంది. చూడటానికి వచ్చినవాళ్ళు ఇకిలించారు. వరస పెట్టి పిలవందే పొద్దు గడవని ఊళ్ళో వరస తప్పడం చిన్న సంగతేం కాదు.

నేను పెద్ద పంతులమ్మలా చెప్పాను: తప్పు పలికిన ప్రతిసారీ ఆపండి, సరైన మాట చెప్పించండి, వదలొద్దు. పాపం, ఇంటిల్లిపాదీ చెప్పింది చెప్పినట్టు చేశారు. మూడు వారాలు తిరిగేసరికి ఆయన నోరు తెరవడమే మానేశాడు. నీళ్ళు కావాలన్నా చెంబు వైపు చూడటమే. మిగిలిన నాలుగు మాటలూ పోతున్నాయి, పోగొడుతున్నది నేనే. పట్టుబట్టి పలికించబోతే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నాకు కోపం వచ్చింది. సిగ్గులేకుండా ఆ కోపం ఆయన మీదే చూపించబోయాను.

అప్పుడు ఆయన భార్య నన్ను వసారాలోకి పిలిచింది. బడి మొహం చూడని మనిషి.

"మేడం, ఏమీ అనుకోవద్దు. అత్తా అన్నా, ఆయన నన్ను చూసే గదా పిలిసేది. పిలిసినప్పుడు పలక్కుండా, అట్ల గాదు ఇట్ల అనాల అని సతాయిస్తే ఇంకెందుకు పిలుస్తాడు? నేనైనా పిలవను."

ఆయనతో పలికించే మాటల పట్టీ మడిచి సంచిలో పెట్టేశాను.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె మాటే చట్టం. ఎవర్ని ఏ వరసతో పిలిచినా పలకాల్సిందే. నవ్వకూడదు, దిద్దకూడదు. ముందు ముసలమ్మ ఒప్పుకోలేదు. మూడోనాడు కొడుకు గొంతులోనే "మరదలా" అని గొణిగితే, చేతిలో చేట కింద పెట్టి "ఏంది బావా?" అంటూ లేచి వచ్చిందట. ఇది చెబుతూ కోడలు పడీపడీ నవ్వింది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత గొప్ప తల్లిని నేనింకెక్కడా చూడలేదు.

మాటలు మెల్లగా తిరిగొచ్చాయి. వరసలు మాత్రం అలాగే తప్పేవి. నన్ను "పెద్దనాయనా" అన్నాడు. బుద్ధిగా పలికాను.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె ఆయనకు అన్నం తినిపించి మూతి తుడుస్తోంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నుదురు చిట్లించి, ఒక్కో మాటా వెతుక్కుని అడిగాడు.

"అత్తా... నువ్వు... తిన్నావా?"

దెబ్బ తగిలినప్పటి నుంచి ఆ ఇంటికి వచ్చిన వాళ్ళంతా ఆమెను అడిగింది ఒక్కటే: ఆయన తిన్నాడా, ఆయన నిద్రపోయాడా అని. నేనూ అంతే. నేను నింపుకునే కాగితాల్లో ఆమె గురించి ఒక్క గడి కూడా లేదు.

ఆమె "ఇంకా లేదు" అంది. అదే కంచంలో అన్నం పెట్టుకుని ఆయనకెదురుగా కూర్చుంది. ఆమె తినడం అయిపోయేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.